గిటారు మనిషి రాసిన పియానో పాట

1969లో లాస్ ఏంజెలెస్‌లో ఒక పాటకు వయొలిన్ల బృందం వాయించాల్సిన స్వరాలు రాసే పని ఎర్నీ ఫ్రీమన్ అనే పేరున్న అరేంజర్‌కు అప్పజెప్పారు. ఆయన డెమో టేపు విని, స్వరాలు రాసి పంపాడు. కాగితం మీద పాట పేరు చూస్తే "లైక్ ఎ పిచర్ ఆఫ్ వాటర్" అని ఉంది. నీళ్ల కూజాలాగా అన్నమాట. గాయకుడు గార్‌ఫంకెల్ పేరు కూడా తప్పుగానే పడింది. పాట అసలు పేరు "బ్రిడ్జ్ ఓవర్ ట్రబుల్డ్ వాటర్", అల్లకల్లోలమైన నీటి మీద వంతెన. రాసిన పాల్ సైమన్ ఆ కాగితాన్ని ఫ్రేము కట్టించి దాచుకున్నాడు.

నవ్వుకోవాల్సిన సంగతే గానీ, ఈ పాట చరిత్రకు అంతకంటే మంచి మొదలు దొరకదు. ఇది పుట్టిన దగ్గర్నుంచీ చేతులు మారుతూనే ఉంది. గిటారు మీద పుట్టింది, పియానో మీద నిలబడింది. ఒకరు రాశారు, మరొకరు పాడారు, పాడినాయన మొదట వద్దన్నాడు. పునాది వాక్యం ఇంకొకరి నోట పదేళ్ల ముందే వచ్చింది. ఇందులో ఎవరి చెయ్యి ఎంత అన్న లెక్క 1970లోనే తేలలేదు.

సైమన్, ఆర్ట్ గార్‌ఫంకెల్ న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో ఒకే పేటలో పెరిగిన బడి స్నేహితులు. 1957లో, ఇంకా పదహారేళ్ల కుర్రాళ్లుగా ఉన్నప్పుడే, టామ్ అండ్ జెర్రీ అని పేరు పెట్టుకుని ఒక చిన్న హిట్ కొట్టారు. అరవైల రెండో సగంలో "ది సౌండ్ ఆఫ్ సైలెన్స్", "మిసెస్ రాబిన్సన్", "ది బాక్సర్" వచ్చేసరికి వాళ్ల పద్ధతి జనానికి బాగా అలవాటైంది: సైమన్ గిటారు, దాని మీద ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని నడిచే రెండు గొంతులు. ఈ పాట ఆ పద్ధతికి పూర్తిగా ఎదురు. ఇందులో సైమన్ గిటారు వినపడదు. ఆయన గొంతు మూడో చరణం దాకా రాదు. ఆ జంట పేరు చెప్పగానే లోకానికి మొదట గుర్తొచ్చే పాటలో ఆ జంట కలిసి పాడేది చివరి భాగంలో మాత్రమే.

పాట వేరు వెతకాలంటే నల్లజాతి వారి చర్చి సంగీతం దగ్గరికి వెళ్లాలి. పశ్చిమ వర్జీనియా బొగ్గు గనుల్లో పనిచేసిన క్లాడ్ జీటర్ 1938లో కోల్‌వుడ్ అనే ఊళ్లో ఒక గోస్పెల్ బృందం, అంటే ఆ చర్చి పాటలు పాడే బృందం, కట్టాడు. అదే తరవాత స్వాన్ సిల్వర్‌టోన్స్ అయింది. బానిసత్వం నాటి పాత భక్తిగీతం "మేరీ డోంట్ యూ వీప్"ను వాళ్లు 1959లో రికార్డు చేశారు. జీటర్ అందులో తన పలుచని పై గొంతుతో ఒక మాట వేస్తాడు: నా పేరు నమ్ముకుంటే, లోతైన నీటి మీద నీకు వంతెననవుతానని. పాటలో అది అలా వచ్చి అలా వెళ్లిపోయే వాక్యం. సైమన్ ఆ రికార్డును పదే పదే వింటున్న రోజుల్లో అది ఆయన్ను పట్టుకుంది.

1970లో డిక్ కావెట్ టెలివిజన్ కార్యక్రమంలో సైమన్ గిటారు పట్టుకుని, ఈ పాట ఎలా కుదిరిందో వాయించి చూపించాడు. మొదటి వాక్యాలు వచ్చాక బాణీ ముందుకు కదల్లేదట. జర్మన్ స్వరకర్త బాఖ్ చర్చి బృందగీతం (కోరల్) ఛాయ ఒకటి, ఈ గోస్పెల్ రికార్డు ఒకటి కలిసి దారి చూపాయని ఆయనే చెప్పాడు. అప్పు దాచుకోలేదన్నది నిజం. తరవాత జీటర్‌ను కలిసి చెక్కు చేతికిచ్చాడని సైమన్ జీవితం రాసినవారు చెబుతారు. 1973లో "టేక్ మీ టు ద మార్డీ గ్రా" పాటలో జీటర్ చేతే పాడించాడు కూడా. కానీ "బ్రిడ్జ్" రచయితగా రికార్డు మీద ఉన్నది ఒక్క పేరే.

ఆ వాక్యాన్ని సైమన్ ఉన్నదున్నట్టు ఎత్తుకోలేదు. అసలు కిటుకు అక్కడే ఉంది. జీటర్ పాటలో మాట్లాడేది దేవుడు. నమ్ముకుంటే అన్న షరతు కూడా ఉంది. సైమన్ దేవుణ్ణి తప్పించి ఆ స్థానంలో ఒక స్నేహితుణ్ణి నిలబెట్టాడు. షరతు తీసేశాడు. నువ్వు అలసిపోయినప్పుడు, చిన్నబోయినప్పుడు, కళ్లలో నీళ్లు తిరిగినప్పుడు నేనున్నాను అంటాడు, బదులుగా ఏమీ అడగడు. మన భక్తి కీర్తనల్లో దాటాల్సింది భవసాగరం, దాటించేది దేవుడనే నావికుడు. ఆయన పడవ నడుపుతాడు, మనం ఎక్కి కూర్చుంటాం. ఇక్కడ మామూలు మనిషి ఒకడు తానే అడ్డంగా పడుకుంటానంటున్నాడు, నా మీద నడిచి వెళ్లమని. మతం ఊసు లేకుండా భక్తిగీతం ఇచ్చే ఊరటంతా ఇవ్వడం ఈ పాట సాధించిన పని. ఈ దారి సైమన్ కనిపెట్టింది కాదు. 1954లో అమెరికన్ గాయకుడు రే చార్ల్స్ ఒక గోస్పెల్ పాటను తిరగరాసి "ఐ గాట్ ఎ వుమన్" చేసినప్పుడే అది తెరుచుకుంది. అయితే రే చార్ల్స్ చర్చి పాటను ప్రియురాలి దగ్గరికి మళ్లించాడు. సైమన్ స్నేహం దగ్గర ఆపాడు.

నీళ్ల గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి. చర్చికి వెళ్లేవారికి "కలతపడిన నీరు" అనగానే కష్టాలొక్కటే తోచవు. యోహాను సువార్త ఐదో అధ్యాయంలో బేతెస్ద కోనేరుంది. దేవదూత దిగి ఆ నీళ్లు కదిలించాక, మొట్టమొదట అందులో దిగినవారికి రోగం నయమవుతుంది. తెలుగు బైబిలు చదివినవారికి తెలిసిన ఘట్టమే. నల్లజాతి ఆధ్యాత్మిక గీతాల్లో దేవుడు నీళ్లను కదిలించబోతున్నాడంటే మేలు జరగబోతోందని అర్థం. సైమన్ మనసులో ఇదుందని చెప్పడానికి ఆధారం లేదు. వినేవారి మనసులో మాత్రం ఉంది. ఈ పాట తెల్లవారి రేడియో నుంచి తిరిగి చర్చి గాయకుల నోటికి అంత తేలిగ్గా ఎందుకు చేరిందో అర్థం కావాలంటే ఇది గుర్తుంచుకోవాలి.

ఇక పియానో. సైమన్ గిటారు మీద 'జి' శ్రుతిలో పాట కట్టాడు. గార్‌ఫంకెల్ గొంతుకు తగినట్టు దాన్ని 'ఈ ఫ్లాట్'కు మార్చారు. గిటారు వాయించేవారికి ఆ శ్రుతి ఇబ్బంది, వేళ్లకు సహజంగా అందదు. గోస్పెల్ పియానోకు మాత్రం అది సొంతిల్లు. దాంతో ఒక్క శ్రుతి మార్పుతో పాట సైమన్ చేతుల్లోంచి జారి లారీ నెక్టెల్ చేతుల్లోకి వెళ్లింది.

నెక్టెల్ పేరు తెలియని పాశ్చాత్య సంగీత ప్రియుడు కూడా ఆయన వాయిద్యం వినే ఉంటాడు. లాస్ ఏంజెలెస్ స్టూడియోల్లో రోజుకు రెండు మూడు రికార్డింగులకు వాయించే బృందం ఒకటుండేది. తరవాతి రోజుల్లో దానికి రెకింగ్ క్రూ అన్న పేరు స్థిరపడింది. నెక్టెల్ అందులో మనిషి. బర్డ్స్ బృందం "మిస్టర్ టాంబురిన్ మ్యాన్"లో బేస్ గిటారు ఆయనదే. మన సినిమా పాటల్లోనూ ఇంతే కదా, క్యాసెట్ అట్ట మీద సంగీత దర్శకుడి పేరుంటుంది, పాట వినగానే గుర్తొచ్చే ఆ వేణువు ఎవరిదో చాలామందికి తెలియదు.

సైమన్ ఇచ్చిన బాణీని గోస్పెల్ పియానోగా మలిచే పనిలో నెక్టెల్, గార్‌ఫంకెల్ కలిసి కూర్చున్నారు. గిటారు మీద రెండు కార్డులతో, అంటే కలిపి మోగించే రెండు స్వరాల గుంపులతో, సరిపోయే చోట, వాటి నడుమ మెట్లు కట్టినట్టు మరికొన్ని కార్డులు వచ్చి చేరాయి. పాట మొదలవ్వకముందు వచ్చే పియానో ముక్క వింటే సంగతి తెలుస్తుంది. ఎడమ చెయ్యి మంద్రంలో బరువుగా దిగుతుంది, కుడి చెయ్యి పైన ఆలోచించుకుంటున్నట్టు ఆగి ఆగి కదులుతుంది. గొంతు మొదలయ్యాక పియానో వెనక్కి తగ్గుతుంది, కానీ మౌనంగా ఉండదు. గాయకుడు వాక్యం ముగించి ఊపిరి తీసుకునే సందులో అది అందుకుంటుంది. బుర్రకథలో కథకుడు ఆగగానే వంతలు అందుకున్నట్టే. చర్చిలో పాస్టరు మాటకు జనం "ఆమెన్" అని బదులిచ్చే చోటు అది. ఇక్కడ జనం లేరు కాబట్టి ఆ బదులు పియానో చెబుతుంది. మొదటి చరణమంతా ఇంతే: ఒక గొంతు, ఒక పియానో, చుట్టూ చాలా ఖాళీ. పాటలో మాటిస్తున్నది ఒక్కడే అయినా వింటున్నప్పుడు అక్కడ ఇద్దరున్నట్టు తోస్తుంది. సైమన్ పాడాల్సిన రెండో గొంతు లేని లోటు పియానో పూడ్చింది.

పాట రాసినప్పుడు ఉన్నవి రెండు చరణాలే. సైమన్ అంతటితో సరిపెట్టాలనుకున్నాడు, చిన్న భజనలాగా. గార్‌ఫంకెల్, రికార్డింగ్ ఇంజనీరు రాయ్ హేలీ ఒప్పుకోలేదు, పాట ఇంకా పైకి లేవాలని పట్టుబట్టారు. వాళ్ల మనసులో ఉన్న నమూనా, ఫిల్ స్పెక్టర్ నిర్మాణంలో రైచస్ బ్రదర్స్ పాడిన "ఓల్ మ్యాన్ రివర్": చాలాసేపు నిరాడంబరంగా నడిచి, చివర్లో ఒక్కసారిగా వాద్యాలన్నీ విరుచుకుపడే తీరు. అది కూడా ఏటి పాటే కావడం కాకతాళీయం. సైమన్ స్టూడియోలోనే మూడో చరణం రాసిచ్చాడు. అది మొదటి రెండింటికీ అతకలేదన్న అసంతృప్తి ఆయనకు తరవాతా పోలేదు.

ఆ చరణంలో "వెండి పిల్లా" అన్న పిలుపు ఒకటుంది. అది మాదకద్రవ్యాల సూది అని అప్పట్లో పుకారు పుట్టి చాలా ఏళ్లు తిరిగింది. సంగతి చాలా చిన్నది. సైమన్ అప్పటి భార్య పెగీ హార్పర్ తన తలలో మొదటి తెల్లవెంట్రుకలు చూసుకుని దిగులుపడితే, ఆమెను ఆటపట్టించడానికి వేసిన మాట అది.

మూడో చరణంలో హాల్ బ్లెయిన్ డ్రమ్స్, జో ఆస్బోర్న్ బేస్ గిటారు, ఫ్రీమన్ "కూజా" వయొలిన్లు ఒక్కటొక్కటే వచ్చి చేరతాయి. డ్రమ్ము దెబ్బకు బరువు రావడానికి కారు టైర్లకు చుట్టే మంచు గొలుసులు నేలకేసి కొట్టానని బ్లెయిన్ చెప్పుకునేవాడు. ఈ ముగింపు పాటను హిట్ చేసిందనడంలో అనుమానం లేదు. కానీ యాభై ఏళ్ల తరవాత చెవికి ఆనేది మొదటి చరణం. చివరి నిమిషం ఆ కాలపు రికార్డింగు అభిరుచికి గుర్తుగా మిగిలింది. ఈ విషయంలో సైమన్ గొణుగుడులో న్యాయం ఉంది.

అసలు చిక్కు పాడటం దగ్గర వచ్చింది. సైమన్ ఈ పాటను గార్‌ఫంకెల్ కోసమే రాశాడు. రాసింది తన మామూలు స్థాయికి మించిందని కూడా గ్రహించాడు. గార్‌ఫంకెల్ విని, నీ పై గొంతులో బాగుంది, నువ్వే పాడు అన్నాడు. అది గౌరవంతో అన్నాడా, నచ్చక అన్నాడా అని సైమన్ మనసు నొచ్చుకుంది. అప్పటికే ఇద్దరి మధ్యా దూరం పెరిగింది. గార్‌ఫంకెల్ మైక్ నికోల్స్ తీసే "క్యాచ్-22" సినిమాలో నటించడానికి మెక్సికో వెళ్లి నెలల తరబడి అక్కడే ఉన్నాడు. అదే సినిమాలో సైమన్‌కు రాసిన వేషం మాత్రం కొట్టేశారు. ఆ ఎడబాటు మీద సైమన్ వేరే పాట కూడా రాశాడు, అదీ ఇదే ఆల్బమ్‌లో ఉంది.

పాట జనం చెవిన పడటం కూడా వింతగా జరిగింది. 1969 నవంబరు 30న సీబీఎస్ చానల్లో ఈ జంట మీద "సాంగ్స్ ఆఫ్ అమెరికా" అనే కార్యక్రమం వచ్చింది. రికార్డు ఇంకా బజారులోకి రాలేదు. జాన్ కెనడీ, మార్టిన్ లూథర్ కింగ్, రాబర్ట్ కెనడీ దృశ్యాలు, రాబర్ట్ కెనడీ శవపేటికను తీసుకెళ్లే రైలు, పట్టాల పక్క నిలబడ్డ జనం కనిపిస్తుంటే వెనక ఈ పాట నడిచింది. వియత్నాం యుద్ధం, హత్యలు చూపించే కార్యక్రమం తమకొద్దని ప్రాయోజక సంస్థ ఏటీ అండ్ టీ వెనక్కి తగ్గితే మరో కంపెనీ ముందుకొచ్చింది. స్నేహితుడి కోసం రాసిన పాట ఆ రాత్రి ఒక దేశపు సంతాప గీతమైంది. ఆ తరవాత దాన్ని ఆ అర్థం నుంచి ఎవరూ విడదీయలేకపోయారు.

1970 జనవరిలో రికార్డు వచ్చింది. దాదాపు అయిదు నిమిషాల నిదానమైన పాటను సింగిల్‌గా, అంటే విడి రికార్డుగా, విడుదల చేయడం అప్పటి రేడియో లెక్క ప్రకారం సాహసమే. కొలంబియా సంస్థ అధిపతి క్లైవ్ డేవిస్ దీన్నే ముందు పెట్టాలన్నాడు. అమెరికా పాటల పట్టికలో ఫిబ్రవరి 28 నుంచి ఆరు వారాలు మొదటి స్థానంలో నిలిచింది. మరుసటి ఏడాది గ్రామీ సంగీత పురస్కారాల్లో రికార్డ్ ఆఫ్ ది ఇయర్, సాంగ్ ఆఫ్ ది ఇయర్ దీనికే దక్కాయి. ఆల్బమ్‌కు ఆ ఏటి ఉత్తమ ఆల్బమ్ పురస్కారం వచ్చింది. అరేంజ్‌మెంట్‌కు ఇచ్చిన గ్రామీలో నెక్టెల్ పేరు, ఫ్రీమన్ పేరు ఉన్నాయి.

ఏప్రిల్ 11న దీన్ని మొదటి స్థానం నుంచి దించింది బీటిల్స్ "లెట్ ఇట్ బి". అది కూడా పియానోతో మొదలయ్యే పాటే, గోస్పెల్ వాసనే, ఓదార్పు మాటే. దానికి ముందు రోజే పాల్ మెకార్ట్‌నీ బృందం నుంచి తప్పుకున్నాడన్న వార్త బయటికొచ్చింది. సైమన్, గార్‌ఫంకెల్ కూడా ఆ ఏడాదే విడిపోయారు. అరవైల్లో పెద్ద పేరు తెచ్చుకున్న రెండు బృందాలు విడిపోతూ, అట్లాంటిక్‌కు చెరో వైపు నుంచి, ఒకే చర్చి పియానో దగ్గరికి చేరాయి. యువతరం గిటారును తిరుగుబాటుకు గుర్తుగా పట్టుకున్న దశాబ్దం అది. అలసిపోయాక ఆ తరానికి అమ్మమ్మల నాటి వాయిద్యం అవసరమైందనిపిస్తుంది.

కచేరీల్లో గార్‌ఫంకెల్ ఒక్కడే వేదిక మధ్య నిలబడి పాడేవాడు. పక్కన పియానో ఉండేది. సైమన్ ఓ వార ఉండేవాడు. పాట ముగిశాక జనం లేచి నిలబడి చప్పట్లు కొడుతుంటే, అది నా పాటయ్యా అని లోపల అనుకునేవాడినని సైమన్ 1972లో ఒక ఇంటర్వ్యూలో దాచకుండా చెప్పాడు. నీకోసం నేను అడ్డంగా పడుకుంటాను అని రాసిన మనిషి నిజంగా పక్కకు తప్పుకోవాల్సి వచ్చేసరికి తట్టుకోలేకపోయాడు. ఇందులో సైమన్‌ను ఎత్తిపొడవాల్సిందేమీ లేదు. మాటివ్వడం తేలిక. ప్రతి రాత్రీ పదివేల మంది ముందు ఆ మాట మీద నిలబడటం వేరు.

పాట తరవాతి జన్మలన్నిటిలోకీ అరెథా ఫ్రాంక్లిన్‌ది పెద్దది. డెట్రాయిట్‌లో పాస్టరు కూతురిగా చర్చి పియానో దగ్గరే పెరిగిన గాయని. 1971లో ఆమె రికార్డు చేసిన "బ్రిడ్జ్" రిథమ్ అండ్ బ్లూస్ (నల్లజాతి జనరంజక సంగీతం) పట్టికలో మొదటి స్థానానికి వెళ్లింది, ఆమెకు గ్రామీ తెచ్చింది. ఆమె సైమన్ మాటలతో మొదలుపెట్టదు. నీళ్లను కదపకండి, అలా వదిలేయండి అని తోటి గాయనులు పాడే పల్లవి ముందు వస్తుంది. బేతెస్ద కోనేరు మళ్లీ కనపడుతుంది. లయ ఊగుతుంది, వంత పాడేవారు తిరిగి వచ్చారు, పియానో ఒంటరిది కాదు. జీటర్ దగ్గర బయలుదేరిన వాక్యం పన్నెండేళ్లు ఊరంతా తిరిగి ఇల్లు చేరినట్టుంటుంది. సైమన్ ఎంతో జాగ్రత్తగా తప్పించిన దేవుడు, ఆమె గొంతులో ఎవరూ పిలవకుండానే వచ్చి కూర్చుంటాడు. ఈ పాటకు ఒక్క రికార్డింగే మిగలాలంటే ఏది ఉంచాలన్న ప్రశ్నకు చాలామంది సంగీతజ్ఞులు తడుముకుంటారు. వాళ్ల తడబాటు అరెథా వల్లే.

ఎల్విస్ ప్రెస్లీ 1970లోనే పాడాడు, లాస్ వేగస్ వేదిక మీద దాన్ని మరింత భారీ చేశాడు. జానీ క్యాష్ బతికుండగా వచ్చిన చివరి ఆల్బమ్‌లో, 2002లో, ఫియోనా ఆపిల్‌తో కలిసి పాడినది దీనికి పూర్తి వ్యతిరేకం. అప్పటికి ఆయన గొంతు పగిలిపోయింది. ఆదుకుంటానని చెబుతున్న మనిషికే ఆసరా కావాలని వింటుంటే తెలిసిపోతుంది. మాట ఒక్కటీ మారలేదు, అర్థం తలకిందులైంది.

2001 సెప్టెంబరు 11 తరవాత ఒక విచిత్రం జరిగింది. అమెరికాలో వెయ్యికి పైగా రేడియో స్టేషన్లున్న క్లియర్ చానల్ సంస్థలో, ఈ సమయంలో వేయడం బాగుండదనుకున్న పాటల జాబితా ఒకటి తిరిగింది. అందులో ఈ పాట ఉంది. "ట్రబుల్డ్" అన్న మాట చూసి చేర్చారో ఏమో. అదే నెల 21న బాధితుల కోసం చానళ్లన్నీ కలిసి ప్రసారం చేసిన కార్యక్రమంలో సైమన్ ఈ పాటే పాడాడు. 2017 జూన్‌లో లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ తగలబడి 72 మంది చనిపోయినప్పుడు, బాధితుల సహాయనిధి కోసం బ్రిటన్ గాయకులు కలిసి రికార్డు చేయడానికి ఎంచుకున్నదీ ఇదే. ర్యాప్ గాయకుడు స్టోమ్‌జీ కొత్తగా రాసిన మాటలతో అది మొదలవుతుంది. రోజుల వ్యవధిలో బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది.

సైమన్ మాత్రం తన పాటను వెనక్కి తెచ్చుకునే ప్రయత్నం మానలేదు. 1974లో వచ్చిన కచేరీ ఆల్బమ్‌లో జెస్సీ డిక్సన్ సింగర్స్ అనే గోస్పెల్ బృందాన్ని వెంటబెట్టుకుని, పాటను అది బయలుదేరిన చోటికే తీసుకెళ్లాడు. 1981లో న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో గార్‌ఫంకెల్‌తో మళ్లీ కలిసినప్పుడు లక్షల జనం ముందు దాన్ని పాడింది గార్‌ఫంకెలే. 2018లో వీడ్కోలు యాత్ర చేసినప్పుడు, దీన్ని అప్పట్లో వేరొకరికి ఇచ్చేశానని, చాలాకాలం పాడలేదని, పోగొట్టుకున్న బిడ్డను ఇప్పుడు తిరిగి తెచ్చుకుంటున్నానని వేదిక మీద చెప్పి పాడాడు. అప్పటికాయనకు 76 ఏళ్లు. పై స్వరాల జోలికి పోకుండా, మాట్లాడుతున్నట్టు పాడాడు. ఆ యాత్ర చివరి కచేరీ ఇద్దరూ పెరిగిన క్వీన్స్‌లోనే జరిగింది.

2021లో సైమన్ తన పాటల హక్కులన్నీ సోనీ మ్యూజిక్ పబ్లిషింగ్‌కు అమ్మేశాడు. వాటితోపాటు ఈ బిడ్డ కూడా వెళ్లింది. నెక్టెల్ 2009లోనే చనిపోయాడు. ఇప్పుడు ఈ పాట నేర్చుకునే ఏ పియానో విద్యార్థి అయినా 'ఈ ఫ్లాట్' శ్రుతిలో చెయ్యి పెట్టి మొదట వాయించేది ఆయన కూర్చిన ఆ ముక్కనే. దాని మీద అచ్చయ్యే పేరు మాత్రం పాల్ సైమన్‌ది.